పరిశ్రమల మిల్లులకు పొదుపైన సిరామిక్ గ్రైండింగ్ మీడియా: ఎంపిక విధానం

బాల్ మిల్లుకు (తిరిగే డోలులో బంతులు దొర్లుతూ సరుకును నూరే యంత్రం) గానీ, బీడ్ మిల్లుకు (గదిలో తిరిగే షాఫ్టు పూసల్లాంటి చిన్న బీడ్లను కలియతిప్పి నూరే యంత్రం) గానీ గ్రైండింగ్ మీడియా, అంటే నూరే బంతులు, బీడ్లు, కొనేటప్పుడు మొదట చేతికి వచ్చేది కిలో ధరల పట్టిక. రెండు కొటేషన్లలో తక్కువ అంకె ఉన్నదాన్ని ఎంచుకోవడం తేలికే. అయితే ఆ అంకె అసలు ఖర్చులో ఒక భాగాన్ని మాత్రమే చూపుతుంది. మీడియా నిత్యం అరిగిపోయే వస్తువు. అరిగినంత మేర మళ్ళీ కొని నింపాలి, అరిగిన పొడి సరుకులో కలుస్తుంది. మోటారు ఎంత కరెంటు లాగుతుంది, ఒక బ్యాచ్ ఎన్ని గంటలకు దిగుతుంది, మిల్లు లోపలి గోడకు వేసిన లైనింగ్ ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నవి కూడా చాలావరకు ఆ బంతుల బరువు, పరిమాణం, కాఠిన్యాల మీదే ఆధారపడి ఉంటాయి. అందువల్ల పొదుపు అన్న మాటకు ఇక్కడ ఒకే కొలత పాటిస్తున్నాను: కోరిన మెత్తదనానికి నూరిన ఒక్కో టన్ను సరుకుపై, మీడియా కారణంగా పడే మొత్తం ఖర్చు.

ఆ లెక్క మొదలుపెట్టే ముందు కొన్ని వివరాలు కాగితం మీద ఉండాలి. మిల్లులోకి వెళ్ళే ముడిసరుకులో అతి పెద్ద రేణువు ఎంత, బయటికి రావలసిన మెత్తదనం ఎంత, నూరేది తడిగానా పొడిగానా, తడిగా అయితే స్లర్రీ (ద్రవంలో కలిసిన సరుకు) సాంద్రత, చిక్కదనం ఎంత, లోపలి లైనింగ్ ఏ పదార్థం, మోటారు సామర్థ్యం ఎంత అన్నవి తెలియకుండా అమ్మకందారుని సలహా అడిగితే, అతని దగ్గర నిల్వ ఉన్న సరుకే సలహాగా వస్తుంది.

సరుకులో ఏది కలిస్తే ఒప్పుకోగలం

అన్నిటికంటే ముందు దీన్నే తేల్చుకోవాలి, ఎందుకంటే సగం ప్రత్యామ్నాయాలు ఇక్కడే తొలగిపోతాయి. ఉక్కు బంతులు చవక, బరువైనవి, సులువుగా పగలవు. అయినా వాటి నుంచి రాలిన ఇనుము తెల్లటి సిరామిక్ మట్టిలోనో గ్లేజులోనో (సిరామిక్ మీది గాజులాంటి పూత) కలిస్తే, కాల్చిన తరువాత ముదురు రంగు మచ్చలుగా తేలుతుంది. తెల్ల పిగ్మెంటుల రంగు చెడుతుంది. లిథియం బ్యాటరీలలో వాడే పదార్థాలలో లోహపు రేణువులు సెల్ భద్రతకే ముప్పు తెస్తాయి. ఖనిజాలను మెత్తగా నూరి ఫ్లోటేషన్ (గాలి బుడగలకు అంటించి తేల్చే) పద్ధతిలో వేరు చేసే చోట కూడా, ఉక్కు నుంచి వచ్చే ఇనుము ఖనిజ రేణువుల ఉపరితలాన్ని మార్చి రాబడిని తగ్గించవచ్చు. సిరామిక్ మీడియా వైపు మొగ్గడానికి అసలు కారణాలు ఇవే.

సిరామిక్‌లలో కూడా అన్నీ ఒకటి కావు. టైల్ మట్టిలో, గ్లేజులో అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడ్) ముందే ఒక భాగం కాబట్టి, అల్యూమినా బంతులు అరిగి కలిసిన కొద్దిపాటి పొడిని మిశ్రమం లెక్కలో సర్దుకోవచ్చు. అదే బేరియం టైటనేట్ వంటి ఎలక్ట్రానిక్ సిరామిక్‌లో కొద్ది అల్యూమినా చేరినా విద్యుత్ గుణాలు మారుతాయి కాబట్టి, అక్కడ ఎక్కువ ధర పెట్టి అయినా అతి తక్కువగా అరిగే ఇట్రియా జిర్కోనియా (ఇట్రియాతో స్థిరపరచిన జిర్కోనియం ఆక్సైడ్) తీసుకోవడమే పొదుపు. ఒక బ్యాచ్ తిరస్కరణకు గురైతే అయ్యే నష్టం, చాలాసార్లు ఏడాది మీడియా ఖర్చులో మిగిల్చుకున్న దానికంటే ఎక్కువగా ఉంటుంది. మరోవైపు, సాధారణ నిర్మాణ సామగ్రికి వాడే పొడిలో అంతటి స్వచ్ఛత ఎవరూ అడగరు. అక్కడ 99 శాతం అల్యూమినా కొనడం డబ్బు వృథా.

సాంద్రత, దాని అసలు ప్రభావం

వాడుకలో ఉన్న మీడియా సాంద్రతలు, ఘన సెంటీమీటరుకు గ్రాములలో, ఉజ్జాయింపుగా ఇలా ఉంటాయి. పోర్సెలిన్ 2.3 నుంచి 2.4, సహజ ఫ్లింటు గులకరాళ్ళు 2.6, స్టియటైట్ (మెగ్నీషియం సిలికేట్ సిరామిక్) 2.6 నుంచి 2.7, 92 శాతం అల్యూమినా 3.6, 99 శాతం అల్యూమినా 3.85 పైన, జిర్కోనియం సిలికేట్ 4 దగ్గర, ఇట్రియాతో స్థిరపరచిన జిర్కోనియా 6.0, సీరియాతో స్థిరపరచినది 6.2, పోలిక కోసం ఉక్కు 7.8.

తడి గ్రైండింగులో ఈ అంకెలను ఉన్నవి ఉన్నట్లు పోల్చడం పొరపాటు. బంతి స్లర్రీలో మునిగి ఉంటుంది కాబట్టి, దాని సాంద్రత నుంచి స్లర్రీ సాంద్రత తీసివేయగా మిగిలినదే దెబ్బకు పనికివచ్చే బరువు. స్లర్రీ సాంద్రత 1.7 అనుకుంటే, 2.6 ఉన్న స్టియటైట్‌కు మిగిలేది 0.9, 3.6 ఉన్న అల్యూమినాకు 1.9, 6.0 ఉన్న జిర్కోనియాకు 4.3. గాలిలో తూచినప్పుడు స్టియటైట్ కంటే 40 శాతం మాత్రమే బరువుగా కనిపించే అల్యూమినా, స్లర్రీ లోపల రెట్టింపు కంటే ఎక్కువ బరువుతో పని చేస్తుందన్నమాట. పాత మిల్లులలో గులకరాళ్ళు తీసి అల్యూమినా వేసిన వెంటనే బ్యాచ్ సమయం గణనీయంగా తగ్గడానికి ముఖ్య కారణం ఇదే. స్లర్రీ ఎంత చిక్కగా, బరువుగా ఉంటే తేలిక మీడియా అంత త్వరగా నిస్తేజమవుతుంది.

బరువు పెరిగినకొద్దీ లాభమే అని దీని అర్థం కాదు. బాల్ మిల్లు లాగే కరెంటు దాదాపుగా లోపలి బరువుకు అనులోమంగా పెరుగుతుంది. తేలిక మీడియా కోసం కట్టిన మిల్లులో బరువైన మీడియా నింపే ముందు మోటారు, గేర్‌బాక్స్, బేరింగులు ఆ భారాన్ని భరించగలవో లేదో మిల్లు తయారీదారుని అడిగి రాతపూర్వకంగా తెలుసుకోవాలి. పలుచటి స్లర్రీ ఉన్న బీడ్ మిల్లులో జిర్కోనియా వేస్తే, దెబ్బను మెత్తబరిచే చిక్కదనం లేక బీడ్లు ఒకదాన్నొకటి, లైనింగును అరగదీస్తాయి. మిల్లు ఆగినప్పుడు అడుగున పేరుకుని, తిరిగి మొదలుపెట్టేటప్పుడు షాఫ్టు మీద అధిక భారం వేస్తాయి. మెత్తటి పదార్థాన్ని పలుచటి ద్రవంలో చెదరగొట్టే పనికి 4 దగ్గరి సాంద్రత ఉన్న జిర్కోనియం సిలికేట్ చాలు. చిక్కటి సిరా, గట్టి పిగ్మెంటు, సబ్‌మైక్రాన్ మెత్తదనం (రేణువు ఒక మైక్రాన్ కంటే చిన్నది) అవసరమైన చోటనే జిర్కోనియా తన ధరకు న్యాయం చేస్తుంది.

జిర్కోనియా విషయంలో ఒక హెచ్చరిక చెప్పకుండా ముందుకు పోలేను. ఇట్రియా జిర్కోనియా వేడి నీటిలో, ఆవిరిలో ఎక్కువ కాలం ఉంటే దాని స్ఫటిక నిర్మాణం నెమ్మదిగా మారి, ఉపరితలం మీద సన్నని పగుళ్ళు వస్తాయి. 200 డిగ్రీల సెల్సియస్ పరిసరాలలో ఈ మార్పు చాలా వేగంగా జరుగుతుంది, నీరు మరిగే స్థాయి వేడిలో కూడా కాలక్రమేణా జరుగుతుంది. వేడి స్లర్రీ నడిపే చోట, మిల్లును తరచుగా ఆవిరితో కడిగే చోట ఈ ప్రమాదాన్ని మెరుగ్గా తట్టుకునే సీరియా జిర్కోనియాను కూడా పరిశీలించాలి.

కిలో ధరను లీటరు ధరగా మార్చడం

మిల్లును బరువుతో నింపము, ఘనపరిమాణంతో నింపుతాము. బాల్ మిల్లులో సాధారణంగా లోపలి ఘనపరిమాణంలో 45 నుంచి 55 శాతం వరకు, బీడ్ మిల్లులో గది ఘనపరిమాణంలో 75 నుంచి 85 శాతం వరకు మీడియా ఉంటుంది. గుండ్రటి బంతులను ఒక పాత్రలో పోస్తే సుమారు 60 శాతం బంతులు, 40 శాతం ఖాళీ ఉంటాయి. కాబట్టి ఒక లీటరు పాత్రలో స్టియటైట్ దాదాపు 1.6 కిలోలు, 92 శాతం అల్యూమినా 2.15 కిలోలు, ఇట్రియా జిర్కోనియా 3.6 కిలోలు తూగుతాయి. కిలో ధర రెండింతలున్న మీడియా సాంద్రత కూడా ఎక్కువైతే, మొదటిసారి నింపే ఖర్చు రెండింతలకంటే బాగా పెరుగుతుంది. కొటేషన్లు వచ్చిన రోజే కిలో ధరను ఈ లీటరు బరువుతో గుణించి, పక్కన మరో గడిలో రాసుకుంటే పోలిక సరిగా ఉంటుంది.

పరిమాణం: డబ్బు ఖర్చు కాకుండా లాభం వచ్చే చోటు

పదార్థం మీద జరిగే చర్చలో పదో వంతు కూడా బంతి పరిమాణం మీద జరగదు. నిజానికి సరైన పరిమాణం ఎంచుకోవడం వల్ల వచ్చే లాభానికి పెద్దగా పెట్టుబడి అక్కర్లేదు. ఒక్క దెబ్బలో రేణువుకు అందగల శక్తి బంతి వ్యాసం ఘనానికి, సాంద్రతకు, వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది. వ్యాసం రెట్టింపైతే దెబ్బ బలం 8 రెట్లు పెరుగుతుంది, అదే ఘనపరిమాణంలో పట్టే బంతుల సంఖ్య మాత్రం 8వ వంతుకు పడిపోతుంది. ఒక లీటరులో 1 మి.మీ. బీడ్లు సుమారు 11 లక్షలు పడితే, 0.5 మి.మీ. బీడ్లు 90 లక్షలకు పైగా పడతాయి. కాబట్టి నియమం ఇది: ముడిసరుకులోని అతి పెద్ద రేణువును పగలగొట్టడానికి చాలినంత పెద్దదిగా ఉంటూనే, ఆ హద్దులో సాధ్యమైనంత చిన్నదిగా ఉండే బంతి కావాలి. అంతకు మించిన దెబ్బ బలం సరుకును మెత్తబరచకుండా వేడిగా, అరుగుదలగా పోతుంది.

బీడ్ మిల్లులో ముడిసరుకు రేణువు కంటే బీడు 20 నుంచి 30 రెట్లు పెద్దదిగా ఉండేలా మొదలుపెట్టి, పరీక్షలతో సరిచేసుకోవడం మంచి ఆరంభం. బీడ్లను ఆపే జల్లెడ సందు, బీడు వ్యాసంలో మూడో వంతుకు మించకూడదు. 0.3 మి.మీ. సందు ఉన్నప్పుడు 0.9 మి.మీ. కంటే చిన్న కొత్త బీడ్లు వేయడం జల్లెడను మూసివేతకు గురిచేయడమే. ముడిసరుకు ముతకగా ఉండి తుది సరుకు చాలా మెత్తగా కావాలంటే, ఒకే మిల్లులో రాజీ పరిమాణం వాడడం కంటే రెండు దశలుగా విడగొట్టి, రెండో దశలో చిన్న బీడ్లు వాడడం చాలా సందర్భాలలో కరెంటును ఎక్కువగా ఆదా చేస్తుందని నా అభిప్రాయం.

బాల్ మిల్లులో సాధారణంగా మూడు పరిమాణాలు కలిపి నింపుతారు, ఉదాహరణకు 50, 40, 30 మి.మీ. పెద్దవి ముతక రేణువులను పగలగొడతాయి, చిన్నవి మెత్తదనం తెస్తాయి. ముడిసరుకు ముందే ఒక మిల్లీమీటరు లోపు ఉంటే 50 మి.మీ. బంతులతో పని లేదు. వేగాన్ని కూడా ఇక్కడే సరిచూడాలి. మీటర్లలో మిల్లు లోపలి వ్యాసం నుంచి బంతి వ్యాసం తీసివేసి, దాని వర్గమూలంతో 42.3ను భాగిస్తే, బంతులు గోడకు అంటుకుని తిరిగే హద్దు వేగం నిమిషానికి చుట్లలో వస్తుంది. 2.2 మీటర్ల మిల్లుకు, 50 మి.మీ. బంతులకు అది సుమారు 29. నడపవలసిన వేగం దానిలో 65 నుంచి 75 శాతం, అంటే 19 నుంచి 22 మధ్య. పెళుసైన సిరామిక్ బంతులను ఇంతకంటే వేగంగా తిప్పితే అంచులు చిట్లడం మొదలవుతుంది, ఆ నష్టాన్ని మీడియా నాణ్యత మీదకు నెట్టడం సరికాదు.

నాణ్యతను చేతితో, కంటితో పరీక్షించడం

ఒకే 92 శాతం అల్యూమినా పేరుతో వచ్చే రెండు రకాల అరుగుదలలో ఎన్నో రెట్ల తేడా ఉండవచ్చు. రసాయన విశ్లేషణ పత్రం ఆ తేడాను చూపదు, ఎందుకంటే అరుగుదలను నిర్ణయించేది స్ఫటికాల పరిమాణం, కాల్చిన తీరు, లోపల మిగిలిన రంధ్రాలు. కొన్ని బంతులను సుత్తితో పగలగొట్టి చూడాలి, కళ్ళకు రక్షణ అద్దాలు తప్పనిసరి. లోపలి ముఖం నడిబొడ్డు వరకు ఒకే రంగుతో, ఒకే నునుపుతో ఉండాలి. నడుమ రంగు తేడా, బొరియ, సుద్దలా రాలే భాగం ఉంటే ఆ లాటు వద్దు. పొడిని దొర్లించి పెంచిన బంతులలో పొరలు సరిగా అతకకపోతే ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతాయి. అచ్చులో నొక్కి తయారుచేసినవాటిలో ఈ దోషం అరుదు, కానీ నడుమ పట్టీ అతుకు దగ్గర పగుళ్ళు ఉన్నాయేమో చూడాలి. కొన్ని బంతులను రాత్రంతా రంగు సిరాలో ఉంచి కడిగితే, కంటికి కనపడని సన్నని పగుళ్ళు గీతలుగా తేలుతాయి. మంచి అల్యూమినా బంతి నీటిని పీల్చదు. పొడిగా తూచి, మరిగే నీటిలో ఉంచి, తుడిచి మళ్ళీ తూచినప్పుడు బరువు పెరిగితే లోపల తెరిచి ఉన్న రంధ్రాలు ఉన్నట్టే.

బీడ్ల విషయంలో గుండ్రదనం మరీ ముఖ్యం. భూతద్దం కింద కోడిగుడ్డు ఆకారం, జంటగా అతుక్కున్నవి, విరిగినవి ఎక్కువగా కనబడితే అవి జల్లెడలో ఇరుక్కుని, లైనింగును గీస్తాయి.

సొంత మిల్లులో పరీక్ష

అమ్మకందారులు ఇచ్చే అరుగుదల అంకెలు ఎక్కువగా చిన్న పాత్రలో, నీటిలో బంతులను మాత్రమే తిప్పి సాధించినవి. రెండు నమూనాలను పక్కపక్కన పోల్చడానికి అవి పనికివస్తాయి గానీ, మీ సరుకుతో మీ మిల్లులో ఎంత అరుగుతుందో చెప్పలేవు. మధ్యలో సరుకు లేనప్పుడు బంతి మీద బంతి అరుగుతుంది. సరుకు ఉన్నప్పుడు అరుగుదలను నిర్ణయించేది ఆ సరుకు గట్టిదనం. క్వార్ట్జు, జిర్కాన్ వంటి గట్టి ఖనిజాలను నూరేటప్పుడు సున్నపురాయితో పోలిస్తే అరుగుదల ఎన్నో రెట్లు ఉంటుంది.

కాబట్టి ఒక మిల్లును పరీక్షకు కేటాయించండి. కొత్త మీడియాను ముందు నీటితో, కొంచెం వృథా సరుకుతో కొన్ని గంటలు తిప్పి, ఆ స్లర్రీని పారబోయాలి. కొత్త ఉపరితలం గరుకుగా ఉండి మొదట ఎక్కువగా అరుగుతుంది కాబట్టి, ఆ తొలి గంటలను లెక్కలో కలిపితే మంచి మీడియాకు అన్యాయం జరుగుతుంది. తరువాత మొత్తం మీడియాను కడిగి, పూర్తిగా ఆరబెట్టి తూచి, ఎప్పటి బ్యాచులనే వరుసగా నడిపి, కనీసం 100 గంటల పని తరువాత మళ్ళీ కడిగి, ఆరబెట్టి తూచాలి. తగ్గిన బరువును ఆ కాలంలో దిగిన సరుకు టన్నులతో భాగిస్తే టన్నుకు అరుగుదల వస్తుంది. ఒకే మెత్తదనానికి పట్టిన గంటలు, మీటరు మీద యూనిట్లు ప్రతి బ్యాచుకూ రాసిపెట్టాలి. తూచేటప్పుడు విరిగిన ముక్కలను వేరు చేసి విడిగా తూచాలి. అరగడం వేరు, పగలడం వేరు, పగిలేదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకూడదు.

లెక్క వేసే తీరు

కింది అంకెలన్నీ లెక్క చూపడానికి ఊహించినవే. ఒక యూనిట్ కరెంటు ధరను 1 అనుకుందాం, మిగతా ధరలన్నీ అదే కొలతలో. 10,000 లీటర్ల బాల్ మిల్లులో సగం, అంటే 5,000 లీటర్లు మీడియా. స్టియటైట్ కిలో 8 చొప్పున 8,000 కిలోలు పడుతుంది, నింపే ఖర్చు 64,000. అల్యూమినా కిలో 20 చొప్పున 10,750 కిలోలు, ఖర్చు 2,15,000. ఒక్కో బ్యాచ్ 5 టన్నులు. స్టియటైట్‌తో 50 కిలోవాట్ల మీద 16 గంటలు పట్టింది, అంటే టన్నుకు 160 యూనిట్లు. అల్యూమినాతో 60 కిలోవాట్ల మీద 11 గంటలు, అంటే టన్నుకు 132. అరుగుదల స్టియటైట్‌కు టన్నుకు 3 కిలోలు, ఖర్చు 24. అల్యూమినాకు 0.8 కిలో, ఖర్చు 16. మొత్తం చూస్తే టన్నుకు 184కు ఎదురుగా 148, మిగులు 36. మొదట అదనంగా పెట్టిన 1,51,000 తిరిగి రావడానికి సుమారు 4,200 టన్నులు, అంటే 840 బ్యాచులు నడవాలి.

ఇక్కడే అసలు నిర్ణయం ఉంది. రోజుకు ఒకే బ్యాచ్ చాలే చోట ఆ పెట్టుబడి తిరిగి రావడానికి 28 నెలలు పడుతుంది. 11 గంటల బ్యాచ్, దింపడానికి, నింపడానికి ఒక గంట కలుపుకుని, రోజుకు రెండు నడిపి సరుకంతా అమ్ముకోగల చోట 14 నెలలలోనే తిరిగి వస్తుంది. పైగా కొత్త మిల్లు కొనే అవసరమే వాయిదా పడుతుంది. మిల్లు తరువాతి దశ, ఉదాహరణకు ఆరబెట్టే యంత్రం, ఇప్పటికే నిండుగా నడుస్తుంటే ఆదా అయిన గంటలకు కరెంటు మేరకే విలువ కట్టాలి. టన్నుకు అయ్యే కరెంటు మీడియా అరుగుదల కంటే ఎన్నో రెట్లు ఉందని కూడా ఈ లెక్కలో గమనించండి. అరుగుదల ఒక్కదాన్నే పట్టుకుని బేరమాడేవారు ఎక్కువ డబ్బు పోతున్న చోటును చూడడం లేదు.

నింపిన తరువాత

ఎంచుకున్న మీడియా పొదుపుగా మిగలాలంటే నడిపే తీరు కూడా సరిగా ఉండాలి. ఖాళీ మిల్లులోకి పైనుంచి బంతులు కుమ్మరించకూడదు, ముందు నీరో సరుకో పోసి ఆపై వేయాలి. సరుకు లేకుండా మిల్లును తిప్పకూడదు. వేరు వేరు పదార్థాల బంతులను కలపకూడదు, గట్టివి మెత్తవాటిని తినేస్తాయి, సాంద్రత తేడా ఉంటే కలయిక కూడా సరిగా ఉండదు. లైనింగు కంటే చాలా గట్టి మీడియా వేస్తే లైనింగు మార్పిడి ఖర్చును కూడా పై లెక్కలో చేర్చాలి.

అరిగిన లోటును అతి పెద్ద పరిమాణపు బంతులతోనే పూరించాలి. పెద్దవి అరిగి మధ్యరకంగా, మధ్యరకం అరిగి చిన్నవిగా మారుతూ మిశ్రమం తనంతట తానే నిలకడకు వస్తుంది. అన్ని పరిమాణాలూ కలిపి నింపుతూ పోతే కొన్నాళ్ళకు మిల్లు నిండా చిన్న బంతులే మిగిలి బ్యాచ్ సమయం పెరుగుతుంది. బీడ్ మిల్లులో మాత్రం నియమిత కాలానికి ఒకసారి మొత్తం బయటికి తీసి జల్లెడ పట్టి, సందు దగ్గరికి వచ్చిన చిన్నవాటిని, విరిగినవాటిని తీసివేయాలి. ప్రతి కొత్త లాటు నుంచి ఒక కిలో నమూనాను తేదీ, లాటు సంఖ్యతో పక్కన భద్రపరచాలి. అరుగుదల ఒక్కసారిగా పెరిగినప్పుడు తప్పు మీడియాదో, మారిన ముడిసరుకుదో తేల్చడానికి పాత, కొత్త నమూనాలను ఒకే పాత్రలో కాక, ఒకే కొలత గల రెండు పాత్రలలో ఒకే సరుకుతో తిప్పి తూచవచ్చు. సరఫరాదారుతో ఒప్పందంలో టన్నుకు అరుగుదల హద్దును, దాన్ని కొలిచే ఈ పద్ధతిని కూడా రాయించుకోవాలి.